బండికి కంపెనీది కాకుండా బయట దొరికే ఫ్యూయల్ పంప్ వేసుకున్నాను, రెండోసారి ట్యాంకు దించాక కుదిరింది

నేను మెడికల్ రెప్‌ని. ఇల్లు మంగళగిరిలో. బెజవాడ, గన్నవరం, గుంటూరు, తెనాలి అన్నీ నా ఏరియానే, దూరం వెళ్లిన రోజు 70, 80 కిలోమీటర్లు బండి మీదే గడుస్తుంది. బండి 2018లో తీసుకున్న 200 సీసీది, ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే ట్యాంకులోని పంప్ పెట్రోల్‌ని ప్రెషర్‌తో తోస్తే ఇంజెక్టర్ దాన్ని ఇంజనులోకి చిమ్మే రకం. ఈ గొడవ మొదలయ్యేనాటికి మీటరు 78,000 దాటింది. అప్పటిదాకా ఆయిలు, చైను, బ్రేక్ ప్యాడ్లు తప్ప పెద్ద ఖర్చు పెట్టించని బండి, అందుకే దాని మీద నాకు నమ్మకం ఎక్కువ.

2024 మే నెల, మధ్యాహ్నం ఒకటిన్నర. గన్నవరంలో పని చూసుకుని తిరిగొస్తున్నాను. బెంజిసర్కిల్ దాటి వారధి ఎక్కి సగం దూరం వచ్చేసరికి బండి రెండు జర్కులిచ్చింది, తర్వాత యాక్సిలరేటర్ ఎంత తిప్పినా అందుకోకుండా నీరసించి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను బాగానే తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. వెనక బస్సులు, లారీలు ఒకటే హారన్లు. పక్కకి తీసి, ఆ ఎండలో తోసుకుంటూ తాడేపల్లి వైపు దిగాను. చెట్టు నీడన పెట్టి నీళ్లు తాగి ఇరవై నిమిషాలు కూర్చుని మళ్లీ సెల్ఫ్ కొట్టాను, ఏమీ జరగనట్టు స్టార్టయింది. ఇంటిదాకా ఇబ్బంది పెట్టలేదు.

ఎండకు వేడెక్కి ఉంటుందిలే అనుకున్నాను. బెజవాడ ఎండలు చూసినవాళ్లు ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ తర్వాత పది రోజుల్లో మూడుసార్లు అలాగే ఆగింది, ఒకసారి తెనాలి రోడ్డులో, రెండుసార్లు ఊళ్లోనే. ప్రతిసారీ అరగంట, ముప్పావుగంట నడిపాకే ఆగుతుంది, చల్లారితే స్టార్టవుతుంది. పొద్దున్నే ఎప్పుడూ ట్రబుల్ లేదు. వీధి చివర మెకానిక్‌కి చూపిస్తే ప్లగ్ మార్చాడు, ఇంజెక్టర్ క్లీన్ చేశాడు, 800 అయింది. మర్నాడు మళ్లీ ఆగింది. ఆయన్ని అనడానికి లేదు, బండి ఆయన దగ్గరికి వెళ్లేసరికి చల్లారి చక్కగా స్టార్టయ్యేది, తప్పు కనపడకుండా ఎవరైనా ఏం పట్టుకుంటారు? ఇంజను లైటు కూడా వెలగలేదు. మామూలు బండ్లలో పెట్రోల్ ప్రెషర్ చూసే సెన్సర్ ఉండదు, అందుకని పంప్ చేతులెత్తేసినా బండి కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. ఇది నాకు తర్వాత అర్థమైంది.

దారి చూపించింది ఒక చప్పుడు. ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లకి తెలుసు, తాళం ఆన్ చేయగానే ట్యాంకు కింద నుంచి రెండు మూడు సెకన్లు "జుయ్య్" మని సన్నగా వినిపించి ఆగిపోతుంది. అది పంప్ పైపులో ప్రెషర్ నింపుకునే చప్పుడు. ఆరేళ్లుగా రోజూ వింటున్నా దాన్ని విడిగా పట్టించుకున్నది లేదు. నాలుగోసారి ఆగినప్పుడు, మంగళగిరి బస్టాండు దగ్గర, తాళం తిప్పగానే ఏదో తక్కువైనట్టు అనిపించింది. మళ్లీ తిప్పాను. ట్యాంకు మీద రుమాలు వేసి చెవి ఆనించి ఇంకోసారి తిప్పాను. టిక్ మని రిలే, అంటే పంప్‌కి కరెంటు వదిలే స్విచ్చి, కొట్టుకున్న శబ్దం వచ్చింది, ఆ తర్వాత నిశ్శబ్దం. పావుగంట తర్వాత తిప్పితే జుయ్య్ మంది, బండి స్టార్టయింది.

మా బావమరిది ఎలక్ట్రీషియన్. ఫోన్ చేసి చెబితే వాడు వెంటనే పంప్ అనలేదు, "బావా, పంప్‌కి కరెంటు రాకపోయినా తిరగదు కదా, ముందు అది తేల్చాలి" అన్నాడు. ఆ ఒక్క మాట వల్ల నాకు ఎంతో డబ్బు మిగిలింది. ఆదివారం వచ్చాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. రిలే పీకి పక్కనే ఉన్న అదే రకం రిలేని దాని చోట పెట్టాడు. బండి చల్లగా ఉన్నప్పుడు చూస్తే అంతా బాగానే ఉంటుంది కాబట్టి మల్టీమీటరు బ్యాగులో వేసుకుని ఇద్దరం గుంటూరు వైపు బయల్దేరాం, బండి ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూస్తూ. తిరుగు ప్రయాణంలో కాజ టోల్‌గేటు దాటాక ఆగింది. వాడి ముఖం వెలిగిపోయింది.

రోడ్డు పక్కన సీటు తీసి, పంప్‌కి వెళ్లే కనెక్టర్‌ని ఊడదీయకుండానే వెనక నుంచి రెండు గుండుసూదులు గుచ్చి మీటరు పెట్టాడు. కనెక్టర్ ఊడదీసి చూస్తే లోడు లేని, అంటే పంప్ కరెంటు లాగనప్పటి ఓల్టేజీ కనపడుతుంది, తుప్పు పట్టిన వైరు కూడా అప్పుడు 12 చూపిస్తుంది, లోడు మీద చూస్తేనే అసలు సంగతి తెలుస్తుందని వాడు చెప్పాడు. నేను తాళం తిప్పాను. మీటరు మీద 12.1, మూడు సెకన్లు నిలిచి సున్నాకి పడింది. పంప్ చప్పుడు లేదు. అంటే కరెంటు పంప్ దాకా వస్తోంది, పంపే తిరగడం లేదు. వాడు ఇంకో పని చేశాడు. నన్ను తాళం తిప్పమని, అదే సమయంలో స్క్రూ డ్రైవర్ పిడితో ట్యాంకు అడుగున పంప్ ఉన్నచోట రెండు దెబ్బలు తట్టాడు. జుయ్య్. "బ్రష్షులు అరిగిపోయాయి బావా, కదిలిస్తే తగులుతున్నాయి, వేడెక్కితే వదిలేస్తున్నాయి." బ్రష్షులంటే మోటారులో తిరిగే చుట్టుకి ఆనుకుని కరెంటు అందించే కార్బన్ ముక్కలు.

షోరూముకి వెళ్లి అడిగాను. మోటారు ఒక్కటే అమ్మరు, మొత్తం అసెంబ్లీయే తీసుకోవాలి, అంటే కింది ప్లేటు, ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్, పెట్రోల్ వడగట్టే జాలీ, పెట్రోల్ ముల్లుకి సంబంధించిన ఫ్లోటు, అన్నీ కలిపి. 7,860 రూపాయలు, లేబరు వేరే, స్టాకు లేదు, ఆర్డరు పెడితే పది రోజులు. పది రోజులు బండి లేకపోతే నా టార్గెట్లు ఏం కావాలి? పైగా చెడిపోయింది ఆ మొత్తంలో గుప్పిట్లో పట్టేంత మోటారు. ప్లేటు బాగుంది, రెగ్యులేటర్ బాగుంది, ఫ్లోటు బాగుంది. చేతిలో డబ్బుండి, పార్టు వెంటనే దొరికి, సొంతంగా విప్పే ఓపిక లేనివాళ్లు అసెంబ్లీయే వేయించుకోవడం మంచిది, ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఎందుకంటే అందులో కొలతల బాధ లేదు. నేను మోటారు ఒక్కటే మార్చాలని నిర్ణయించుకున్నాను.

కొత్తది కొనడానికి ముందే పాతది విప్పాం, చేతిలో పాతది లేకుండా షాపుకి వెళ్తే వాళ్లిచ్చిందే తీసుకోవాలి కాబట్టి. శనివారం సాయంత్రం ఇంటి ముందు, ఆరుబయట. బ్యాటరీ నెగెటివ్ వైరు పీకేశాం. అంతకంటే ముందు, బండి నిలబెట్టి ఇంజను ఆన్‌లో ఉండగా పంప్ కనెక్టర్ తీసేస్తే ఇంజను పైపులో మిగిలిన పెట్రోల్ తాగి దానంతటదే ఆగిపోతుంది, అలా చేస్తే పైపు ఊడదీసేటప్పుడు ముఖాన చిమ్మదు. ట్యాంకులో ఉన్న రెండు లీటర్ల చిల్లర పెట్రోల్ ఇనుప డబ్బాలోకి దించాం. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ వెళ్తుంది, గుమ్మం దాటి లోపలికి వెళ్లి ఎక్కడ మంట ఉంటే అక్కడ అంటుకుంటుంది. అందుకే మా ఆవిడతో ముందే చెప్పాను. ఆ సాయంత్రం తను స్టవ్ వెలిగించలేదు, దేవుడి దగ్గర దీపం కూడా ఎనిమిది దాటాక, మేం అన్నీ మూసి చేతులు కడుక్కున్నాకే పెట్టింది. ఒక బకెట్ ఇసక, తడిపిన గోనెసంచి పక్కనే ఉంచుకున్నాం.

ట్యాంకు దించి పాత దుప్పటి మీద బోర్లా పెట్టాం. అడుగున గుండ్రటి ప్లేటు, ఆరు బోల్టులు, 8 నంబరు పానా పట్టింది. ప్లేటు ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకుని, ప్లేటుకీ ట్యాంకుకీ కలిపి మార్కరుతో ఒక గీత గీశాను. బయటికి తీసేటప్పుడు నిటారుగా లాగకూడదు, ఫ్లోటు కడ్డీ అంచుకు తగిలి వంగుతుంది, అది వంగితే తర్వాత పెట్రోల్ ముల్లు అబద్ధాలు చెబుతుంది. మెల్లగా పక్కకి వాల్చి, కడ్డీని ముందు బయటికి తెచ్చి, అప్పుడు మిగతాది తీశాం.

జాలీ చూసి బాధేసింది. కొత్తలో తెల్లగా ఉండాల్సింది కాఫీ వడపోసిన గుడ్డలా ఉంది. వేలితో రుద్దితే సన్నటి తుప్పు పొడి అంటుకుంది. ట్యాంకు లోపల టార్చి వేసి చూస్తే మూల ఒకచోట ఎర్రటి మరక. ఇక్కడ నా అలవాటు గురించి చెప్పాలి. ఆరేళ్లు నేను రెండొందలకే పెట్రోల్ కొట్టించేవాణ్ణి, కంపెనీ రోజువారీ బత్తా లెక్కకి అది సరిపోయేది, ట్యాంకు ఎప్పుడూ అడుగంటే ఉండేది. ఈ పంప్ పెట్రోల్‌లో మునిగి ఉండేలా చేసింది, చుట్టూ ఉన్న పెట్రోలే దాని వేడిని లాక్కుంటుంది. అడుగున రెండు లీటర్లతో, కింద ఇంజను సెగ, పైన మే నెల ఎండ, అది ఎన్నేళ్లు తిరుగుతుంది? ఖాళీగా ఉన్న పైభాగంలో గాలి, తేమ చేరి తుప్పు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం దాకా కలిపిన పెట్రోల్, ఇథనాల్ నీళ్లను తనలోకి లాక్కునే రకం. దానికి తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో బండ్లు రావాలన్నది 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన ఏర్పాటు, నాది 2018 బండి.

మోటారు ఒక ప్లాస్టిక్ పంజరంలో కూర్చుని ఉంది, మూడు కొక్కేలు. ఆరేళ్లు పెట్రోల్‌లో నానిన ప్లాస్టిక్ కాబట్టి పెళుసుగా ఉంటుందని భయపడి, సన్నటి స్క్రూ డ్రైవర్‌తో ఒక్కో కొక్కెం కొంచెం కొంచెంగా వదులు చేశాను. మోటారు నుంచి రెగ్యులేటర్‌కి వెళ్లే పైపు మాత్రం కంపెనీ వాళ్లు గట్టి నైలాన్‌తో వేసి నొక్కేసినది, కోస్తే తప్ప రాదు, కోస్తే మళ్లీ పనికిరాదు. దాని స్థానంలో రబ్బరు పైపు, క్లిప్పులు వేయాలి. కోసేశాను.

సోమవారం మధ్యాహ్నం భోజనం టైములో పాత మోటారు కవర్లో వేసుకుని బెజవాడలో స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లాను. ఆయన మూడు రకాలు ముందు పెట్టాడు, 650, 1,250, 2,100. "ఏదైనా పడుద్ది సార్, అన్నీ ఒకటే" అన్నాడు. మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ అడిగి తీసుకుని కొలిచాను. పాతది లావు 38 మిల్లీమీటర్లు, మూడూ 38 ఉన్నాయి, పొడవు మాత్రం 650దానిది ఆరు మిల్లీమీటర్లు తక్కువ, అంటే పంజరంలో లూజుగా ఊగుతుంది. ప్రెషర్ ఎంత అని అడిగితే దాని మీద ఏమీ రాసి లేదు. నా బండికి కావాల్సింది 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ. తక్కువైతే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బండి తడబడుతుంది. 1,250దాని పెట్టె మీద 3 బార్ అని, గంటకు ఎన్ని లీటర్లు పోస్తుందో కూడా ఉంది, పొడవు సరిపోయింది. పంప్ లోపల ఒక చిన్న వాల్వు ఉంటుంది, బండి ఆపాక పైపులో పెట్రోల్ వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచేది. బయటికి పోసే మూతి నుంచి వెనక్కి గాలి ఊది చూశాను, పోలేదు, వాల్వు ఉంది. షాపాయన నన్ను వింతగా చూశాడు గానీ ఏమీ అనలేదు. 1,250దే తీసుకున్నాను. కొత్త జాలీ దాంతోనే వచ్చింది. పైపు అడిగితే ఒక అడుగు కోసిచ్చాడు, మామూలు నల్ల పెట్రోల్ పైపు, 60 రూపాయలు, రెండు క్లిప్పులు 20. ఆ 60 రూపాయల పైపే తర్వాత నా కొంప ముంచింది.

బిగించడం ఆ రాత్రే. కొత్త మోటారు మీద ప్లస్, మైనస్ గుర్తులు పాతదానికి తిరగేసి ఉన్నాయి. చూడకుండా పాత వరసలోనే తగిలిస్తే మోటారు ఉల్టా తిరుగుతుంది, చప్పుడు వస్తుంది, పెట్రోల్ మాత్రం రాదు, మనం ఇంకెక్కడో వెతుక్కుంటాం. వైరు అతుకు మీద మా బావమరిది అలవాటుగా నల్ల టేపు చుట్టబోతే ఆపాను, టేపు జిగురు పెట్రోల్‌లో కరిగి జాలీకి అంటుకుంటుంది. అతుకే లేకుండా కంపెనీ టెర్మినల్సే కొత్త మోటారుకి సరిచేసి తొడిగాడు, గంట పట్టింది. పని తెలిసిన చేయి.

ట్యాంకుని శుభ్రం చేయడానికి అర లీటరు కొత్త పెట్రోల్ పోసి, ఊపి, తెల్లగుడ్డలో వడగట్టి పారబోశాం, మూడోసారికి గుడ్డ మీద పొడి రాలేదు. ఆ మరక పైపైదే, లోతుగా తినలేదు.

ప్లేటు కింద ఓ-రింగ్, అంటే పెట్రోల్ కారకుండా ఆపే రబ్బరు చుట్టు, దగ్గర ఆగిపోయాం. బయటికి తీసినప్పుడు సరిగ్గా ఉన్నది ఇప్పుడు గాడిలో పట్టడం లేదు. ఒకవైపు నొక్కితే ఇంకోవైపు లేస్తోంది, చుట్టుకొలత బాగా ఎక్కువైపోయినట్టు అలలు అలలుగా. పెట్రోల్ పీల్చుకుని ఉబ్బింది. బలవంతంగా పెట్టి బోల్టులు బిగిస్తే ఎక్కడో మడతపడి నలిగి, సరిగ్గా ఇంజను మీదికి పెట్రోల్ కారేది. వదిలేసి, కడిగి, ఆరుబయట పళ్లెంలో పెట్టి పడుకున్నాం. పొద్దున్నే చూస్తే పాత సైజుకి వచ్చేసింది, వేలితో అలా తోస్తే గాడిలో కూర్చుంది. కొత్తది దొరికితే కొత్తదే వేయాలి, నాకు రెండోసారి విప్పేనాటికి దొరికింది, మార్చేశాను.

బోల్టులు ఎదురెదురుగా, ఒకదాని తర్వాత దాని ఎదురుది, కొంచెం కొంచెంగా బిగించాం. రెండు లీటర్లు పోసి, బండి స్టార్ట్ చేయకుండా తాళం ఆరుసార్లు ఆన్ ఆఫ్ చేసి, ప్లేటు చుట్టూ టిష్యూ కాగితం తిప్పాం. పొడిగా ఉంది. పది నిమిషాలు ఆగి మళ్లీ తిప్పాం. పొడి. అప్పుడు సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి స్టార్టయింది. కొత్త పంప్ చప్పుడు పాతదాని కంటే కొంచెం గరుకుగా ఉంది, తేడా తెలుస్తోంది. ఆ వారం మే చివరి ఎండల్లో గన్నవరం, తెనాలి అన్నీ తిరిగాను, ఎక్కడా ఆగలేదు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

మూడు వారాలు బాగానే గడిచింది. తర్వాత పొద్దున్నే స్టార్టవడానికి సెల్ఫ్ మూడు నాలుగు సెకన్లు పట్టి కొట్టాల్సి వచ్చింది. ఇంకో నాలుగు రోజులకి, ఓవర్‌టేక్ చేయడానికి యాక్సిలరేటర్ ఇస్తే బండి ముందుకు పోకుండా తటపటాయించింది. పక్కన లారీ, వెనక కారు, ఆ రెండు సెకన్లు గుండె నోట్లోకొచ్చింది. పంప్ చప్పుడు మాత్రం బాగానే వస్తోంది. బయట ఎక్కడా కారడం లేదు, వాసన లేదు. "లోకల్ పంప్ అంతేనండి, నెల కూడా రాదు" అని తెలిసినవాళ్లంతా అన్నారు. నేనూ అదే నమ్మబోయాను.

గుంటూరులో ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్పయ్యేళ్లుగా బండ్లు చేస్తున్నాడు, నేను బాబాయ్ అంటాను. ఆయన దగ్గర ఫ్యూయల్ ప్రెషర్ గేజి ఉంది. ట్యాంకు నుంచి ఇంజెక్టర్‌కి వెళ్లే పైపు మధ్యలో ఇంగ్లీషు T అక్షరం ఆకారపు ముక్కతో దాన్ని కలిపి తాళం తిప్పమన్నాడు. ముల్లు 22 దగ్గర నిలబడింది, పంప్ ఆగగానే గబగబా సున్నాకి జారింది. "43 రావాలి బాబాయ్" అన్నాను. ఆయన ముల్లునే చూస్తూ, "పంప్ పాడైతే ఇలా తిరగదురా. ఇది లోపలే ఎక్కడో వదిలేస్తోంది. బయట కారటల్లేదంటే ట్యాంకులోనే కారుతోందని. ఏం పైపు వేశావ్?" అన్నాడు. చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆయన షెడ్డు ముందే ట్యాంకు దించాం. పంప్ బయటికి రాగానే తెలిసిపోయింది. నేను వేసిన పైపు లావెక్కి, మెత్తబడి, రెండు వేళ్ల మధ్య నొక్కితే జారుతున్న జున్నుముక్కలా ఉంది. పై పొర వేలికి నల్లగా అంటుకుంటోంది. క్లిప్పు దాని మాంసంలోకి దిగిపోయింది, పంప్ మూతి మీద నుంచి పైపు సగం కిందికి జారి, అంచు దగ్గర వేలాడుతోంది. పంప్ మొత్తం బలంతో పోస్తున్న పెట్రోల్‌లో సగం తిరిగి ట్యాంకులోకే పడుతోంది. ఇంకో రెండు రోజులు నడిపి ఉంటే పూర్తిగా ఊడి, బండి వారధి మీదో, హైవే మీదో మళ్లీ ఆగేది. పంప్‌ని విడిగా గేజికి కలిపి, పెట్రోల్ గిన్నెలో ముంచి ఒక్క క్షణం తిప్పి చూశాడు, ముల్లు 60 దాటింది. పొడిగా ఎప్పుడూ తిప్పకూడదు, దాన్ని తడిపి చల్లబరిచేది పెట్రోలే. అది కూడా బ్యాటరీ దూరంగా పెట్టి, వైరు ముందు పంప్‌కి తగిలించి, నిప్పురవ్వ పడే చివరి కనెక్షన్ బ్యాటరీ దగ్గర ఇచ్చాడు. ఇంట్లో ఈ పరీక్ష చేయొద్దని నా మాట.

మామూలు పెట్రోల్ పైపు లోపల పెట్రోల్ పారడానికి చేసింది, దాని బయటి పొర గాలికి, ఎండకి తట్టుకుంటుంది, పెట్రోల్‌లో రాత్రింబవళ్లు మునిగి ఉండటానికి కాదు. ట్యాంకు లోపల వాడేది వేరే రకం. దాని మీద ఎస్‌ఏఈ జె30 ఆర్10 అని ముద్ర ఉంటుంది, లోపలా బయటా రెండు వైపులా పెట్రోల్‌కి ఆగే రబ్బరు. ఆర్9 అని ఇంకోటి ఉంది, అది ఇంజెక్షన్ ప్రెషర్‌కి ఆగుతుంది గానీ ముంచడానికి కాదు, షాపుల్లో అడిగితే "ఇంజెక్షన్ పైపే సార్" అని అదే చేతిలో పెడతారు, కాబట్టి అక్షరాలు చదివే కొనాలి. బెజవాడలో ఐదు షాపులు తిరిగాను, దొరకలేదు. చివరికి ఆన్‌లైన్‌లో అడుగు ముక్క 940 రూపాయలకి తెప్పించాను, పంప్ ధర 1,250 అయితే పైపు 940. ఇథనాల్ పెట్రోల్‌కి కూడా పనికొస్తుందని దాని వివరాల్లో ఉంది. ఆ ఆరు రోజులు బస్సుల్లో తిరిగాను. క్లిప్పులు కూడా మార్చాం, స్క్రూ పళ్లు రబ్బరులోకి దిగే పాత రకం కాకుండా, చుట్టూ నున్నగా ఒకేలా నొక్కే ఇంజెక్షన్ క్లిప్పులు.

ఈసారి బాబాయ్ దగ్గరే బిగించాం, ట్యాంకు ఎక్కించగానే గేజి పెట్టాం. తాళం తిప్పితే ముల్లు లేచి 43 దగ్గర ఆగింది. తాళం ఆఫ్ చేసి, టీ తెప్పించుకుని, తాగి వచ్చి చూస్తే 40. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తిప్పితే ముల్లు కదల్లేదు. ఆ ముల్లు వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. మొదటిసారే ఈ గేజి పెట్టి ఉంటే బిగింపు ఎలా ఉందో అప్పుడే ఒక లెక్క చేతిలో ఉండేది, నాలుగు రోజులకోసారి చూసుకున్నా పైపు జారడం ఓవర్‌టేక్ దాకా రాకముందే తెలిసేది. గేజి పెట్టినందుకు ఆయన తీసుకున్నది 200.

పాత పంప్ పారేయలేదు. రెండు వారాలు ఎండలో ఆరనిచ్చి, వాసన పూర్తిగా పోయాక, రేకు అంచు విప్పి లోపల చూశాం. రెండు కార్బన్ బ్రష్షుల్లో ఒకటి సగం ఉంది, రెండోది గోరంత ముక్క మిగిలింది, దాని వెనక స్ప్రింగు పూర్తిగా సాగిపోయి ఇంక తోయడానికి బలం లేక ఊరికే ఆని ఉంది. బ్రష్షులకి ఆనుకుని తిరిగే రాగి చుట్టు నల్లగా మాడి గీతలు పడింది. మా బావమరిది కాజ దగ్గర రోడ్డు పక్కన చెప్పింది అక్షరాలా అదే. ఆ చిన్న ముక్కని అగ్గిపెట్టెలో దాచాను.

మొత్తం లెక్క చూస్తే పంప్ 1,250, పైపు 940, క్లిప్పులు 120, ఓ-రింగ్ 90, గేజికి 200, వృథా అయిన పైపు, ఒలికిన పెట్రోల్, మొదట్లో పెట్టిన 800 కలిపినా 3,800 దాటలేదు. ఆ తర్వాత ఏడాదిలో 13,000 కిలోమీటర్లు తిరిగాను, ఒక మే నెల మొత్తం కూడా గడిచింది, బండి ఆగలేదు. పెట్రోల్ మాత్రం ఇప్పుడు సగం కంటే కిందికి దిగనివ్వడం లేదు, బత్తా లెక్క నెల మొదట్లో కొంచెం అటూ ఇటూ అయినా సరే.

అడుగు పైపులో నాకు వాడకానికి పట్టింది ఐదంగుళాలే. మిగిలిన ముక్క బాబాయ్‌కిచ్చాను. ఆయన దాని మీద ముద్రని కళ్లజోడు పెట్టుకుని చదివి, అక్షరాలు గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. మూడు నెలల తర్వాత గుంటూరు వెళ్లినప్పుడు షెడ్డులో ఇంకో బండి ట్యాంకు దించి ఉంది, పెదకాకాని నుంచి వచ్చిన కుర్రాడిది, అదే జబ్బు. గోడ మీద అక్షరాలు అలాగే ఉన్నాయి, బల్ల మీద అదే ముద్ర ఉన్న కొత్త పైపు చుట్ట ఉంది, మీటరు పొడవుది.